32 అక్షరాల్లో కదిలే బొమ్మలు

గ్రూప్ సభ్యులందరికీ నమస్కారం. గణిత ప్రమేయాలతో బొమ్మలను కదిలించాలన్న ఆసక్తి ఉన్నవారు మార్టిన్ క్లెప్పె రూపొందించిన టిక్సీ అనే వెబ్‌సైట్‌ను ఒకసారి ప్రయత్నించవలసిందిగా కోరుతున్నాను. ఇందులో అడ్డంగా 16, నిలువుగా 16 చొప్పున 256 చుక్కలు ఉంటాయి. మనం జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 32 అక్షరాలు మించకుండా ఒక సూత్రం రాస్తే, అది కాలాన్నీ, చుక్క క్రమసంఖ్యనూ, దాని అడ్డం, నిలువు స్థానాలనూ తీసుకుని ప్రతి చుక్కకూ ఒక విలువ కడుతుంది. విలువ సున్నా నుంచి ఒకటి వైపు పెరిగేకొద్దీ తెల్లని చుక్క పెద్దదవుతుంది. రుణాత్మకమైతే చుక్క ఎర్రగా కనిపిస్తుంది.

సైన్‌తో మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే దాని విలువ ఎప్పుడూ −1, 1 హద్దులు దాటదు. మధ్యబిందువు నుంచి చుక్కకున్న దూరంలోంచి కాలాన్ని తీసివేసి, ఆ ఫలితానికి సైన్ విలువ తీసుకుంటే, చెరువులో రాయి వేసినట్టు వలయాలు బయటికి విస్తరిస్తాయి. తీసివేతను కూడికగా మారిస్తే అవే వలయాలు లోపలికి ముడుచుకుంటాయి. దూరాన్ని రెట్టింపు చేస్తే సన్నబడతాయి. అడ్డం, నిలువు తేడాల నుంచి దూరాన్ని లెక్కకట్టే హైపాట్ ప్రమేయం వాడితే మొదట చెప్పిన వలయాల సూత్రం 25 అక్షరాల్లోనే ఇముడుతుంది. స్థానాల లెక్క 0 నుంచి 15 వరకు సాగుతుంది కనుక మధ్యబిందువు 8 కాదు, 7.5. ఏదో ఒక సంఖ్యను యాదృచ్ఛికంగా ఇచ్చే రాండమ్ ప్రమేయంతో చుక్కలు ఊరికే మిణుకుమంటాయి; నా దృష్టిలో అది బొమ్మ అనిపించుకోదు.

మీ సూత్రాలను ఇక్కడ పంచుకోండి. ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్దక్షరంగా మారిస్తే సూత్రం పనిచేయదు కాబట్టి, పంపే ముందు సరిచూడగలరు.