సీ హాక్ ఆర్డర్లు: తప్పెక్కడ జరిగింది, మీ మోడల్ ఎప్పుడొస్తుంది

నేవీ డే లోపు పన్నెండు సీ హాక్ యుద్ధ విమానం మోడళ్లు ఇస్తానని సెప్టెంబర్‌లో మీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాను. డిసెంబర్ 4కి నాలుగే ఇవ్వగలను. మిగతా ఎనిమిదీ సంక్రాంతికి. విడిభాగాల కిట్లు రావడం లేటైందని ఇద్దరు ముగ్గురికి ఫోన్‌లో చెప్పాను. అది అబద్ధం. కిట్లు అక్టోబర్‌లోనే వచ్చాయి.

మన విశాఖలో ఈ విమానాన్ని ఎందుకింత అడుగుతారో కొత్తగా చూస్తున్నవాళ్లకు ఒక్క మాట. 1971 యుద్ధంలో, డిసెంబర్ 4న, మన విమాన వాహక నౌక విక్రాంత్ డెక్ మీద నుంచి లేచి అప్పటి తూర్పు పాకిస్థాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేసినవి ఈ సీ హాక్‌లే. ఆ విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది మన తీరంలో. ఎనభైల్లో సీ హారియర్లు వచ్చేదాకా నేవీకి ఇదే జెట్ ఫైటర్. అందుకే నేవీలో పనిచేసినవాళ్ల ఇళ్ల నుంచే ఎక్కువ ఆర్డర్లు వస్తాయి.

ఇక తప్పు సంగతి. 1/48 స్కేల్‌లో, అంటే అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు సైజులో, ఇది పొడవు పాతిక సెంటీమీటర్లు, రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకూ దాదాపు అంతే. మధ్యలో ఒకే ఇంజన్, రోల్స్ రాయిస్ నీన్. మామూలుగా ఇంజన్ పొగ బయటికి పోయే జెట్ గొట్టం తోక చివరి దాకా వెళ్తుంది. ఇందులో అలా కాదు, ప్యాంటు కాళ్లలా రెండుగా చీలి రెక్కల మొదట్లో అటూ ఇటూ బయటికొస్తుంది. దానివల్ల వెనక భాగంలో ఇంధనం ట్యాంకుకు చోటు దొరికింది. మోడల్ చేసేవాడికి మాత్రం ఆ గొట్టాల్లోపలి అతుకులే నరకం. టూత్‌పిక్‌కు తడి గరుకు కాగితం చుట్టి రుద్దాలి, ఒక్కో విమానానికి ఒక సాయంత్రం పోతుంది. నా ధ్యాసంతా అక్కడే ఉండిపోయి ముక్కు మర్చిపోయాను.

అసలు విమానంలో పైలట్ కాళ్ల కింద నాలుగు 20 ఎంఎం తుపాకులుంటాయి, ముందు భాగం బరువుగానే ఉంటుంది. ప్లాస్టిక్ బొమ్మలో లోపలంతా ఖాళీ. ముక్కులో బరువు పెట్టకపోతే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఈ సంగతి నాకు తెలియనిది కాదు. అయినా ఐదు విమానాలు అతికించి, పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టి, చక్రాలు బిగించి బల్ల మీద పెడితే ఐదూ వరసగా తోక మీద కూర్చున్నాయి. మా ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు ముక్కు దగ్గర అతుకు విప్పి, ఫిషింగ్ హార్బర్ దగ్గర వలలకు అమ్మే సీసం గుండ్లు పాతిక గ్రాములు తూచి, ఎపాక్సీతో అతికిస్తున్నాను. విప్పేటప్పుడు రెండింటికి కాక్‌పిట్ పక్కన పగులు వచ్చింది. ఆ రెండూ మీకు పంపను, నా దగ్గరే ఉంటాయి. వాటి బదులు కొత్త కిట్లు మొదలుపెట్టాను.

రెండో తప్పు నేను పట్టుకున్నది కాదు. గోవాలో ఈ విమానాల మీదే పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు, తన మోడల్ ఎంతవరకు వచ్చిందో చూద్దామని షాపుకొచ్చారు. చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "బాబూ, తోక పొట్టిగా ఉందే!" అన్నారు. బ్రిటన్ నుంచి వచ్చినవే కాక, జర్మనీ నేవీ వాడిన సీ హాక్‌లు కూడా మనవాళ్లు కొన్నారు. జర్మన్ వాటికి నిలువు తోక ఎత్తు ఎక్కువ. ఆయన చూపించిన పాత ఫొటోలో తేడా స్పష్టంగా తెలుస్తోంది. ఆయనకు కావాల్సింది ఆ విమానమే. ప్లాస్టిక్ షీట్ కోసి తోక పెంచుతున్నాను. దానికి అదనంగా డబ్బు తీసుకోను, ఆర్డర్ తీసుకునేటప్పుడే అడగాల్సింది నేను. మీ ఇంట్లోవాళ్లు ఎగిరిన విమానమో, పనిచేసిన విమానమో ఉంటే ఫొటో పంపండి, పెయింట్‌కు ముందే చూసుకుంటాను.

ఆలస్యమైన ఎనిమిది మందికీ అడ్వాన్స్‌లో సగం వెనక్కి వేస్తున్నాను. ఆర్డర్ వద్దనుకుంటే మొత్తం ఇచ్చేస్తాను, మొహమాటపడకండి. సంక్రాంతి దాకా కొత్త ఆర్డర్లు తీసుకోవడం లేదు.

రెక్కలు చాచి కావాలో, డెక్ మీద ఉన్నట్టు పైకి మడిచి కావాలో ముగ్గురు ఇంకా చెప్పలేదు. ఆదివారం లోపు చెప్పండి. ఒకసారి అతికించాక మళ్లీ విప్పే ఓపిక నాకు లేదు.