'క్లూలెస్' ఆల్బమ్ పేరు పెట్టి వేరే పాటలు వినిపిస్తున్నారు

కస్టమర్ కేర్ వాళ్ళకి, పాటల కేటలాగ్ చూసుకునే టీమ్‌కి,

నమస్తే. మీ మ్యూజిక్ యాప్‌లో ఫ్యామిలీ ప్లాన్‌కి డబ్బు కట్టి వింటున్న మనిషిని, హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. విషయం 1995లో వచ్చిన 'క్లూలెస్' అనే హాలీవుడ్ సినిమా సౌండ్‌ట్రాక్ ఆల్బమ్. దీని గురించి చాట్‌లో మీవాళ్ళకి ఇప్పటికే చెప్పాను. కాష్ క్లియర్ చేయమన్నారు, యాప్ తీసేసి మళ్ళీ వేసుకోమన్నారు, రెండూ చేశాను, ఏమీ మారలేదు. మారదు కూడా, ఎందుకంటే తప్పు నా ఫోన్‌లో లేదు, మీ కేటలాగ్‌లో ఉంది. అందుకే ఈసారి వివరంగా రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదవండి.

క్యాపిటల్ రికార్డ్స్ విడుదల చేసిన ఆ ఆల్బమ్‌లో 14 పాటలున్నాయి. మీ యాప్‌లో కవర్ బొమ్మ అదే, పేరు అదే, పాటల వరస కూడా అదే. కొన్ని పాటలు మాత్రం బూడిద రంగులో ఉంటాయి, నొక్కితే పలకవు. ఆ సంగతి తర్వాత చెప్తాను. నాకు ఎక్కువ కోపం తెప్పించింది పలికే పాటలే. మొదటి పాట 'కిడ్స్ ఇన్ అమెరికా' నొక్కితే కిమ్ వైల్డ్ 1981లో పాడిన ఒరిజినల్ వస్తోంది. ఆల్బమ్‌లో ఉండాల్సింది ద మఫ్స్ అనే బ్యాండ్ పాడింది. 'ఆల్ ద యంగ్ డ్యూడ్స్' నొక్కితే మాట్ ద హూపుల్ వాళ్ళ 1972 రికార్డింగ్ వస్తోంది, అక్కడ ఉండాల్సింది వరల్డ్ పార్టీ పాడింది. రేడియోహెడ్ వాళ్ళ 'ఫేక్ ప్లాస్టిక్ ట్రీస్' అయితే పాడింది వాళ్ళే గానీ రికార్డింగ్ వేరు. ఆల్బమ్‌లో ఉన్నది అకూస్టిక్ వెర్షన్, అంటే ఎలక్ట్రిక్ హోరు లేకుండా మామూలు గిటార్‌తో పాడింది, మీరు తెచ్చి పెట్టింది 'ద బెండ్స్' ఆల్బమ్‌లోని స్టూడియో వెర్షన్. ఇవేవీ తెర మీద చెప్పరు. పక్కన మఫ్స్ పేరే ఉంటుంది, లోపల పాడేది కిమ్ వైల్డ్.

చాట్‌లో మాట్లాడినాయన "పాట అదే కదా మేడం" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయనకి ఇచ్చిన జవాబులు అంతవరకే ఉండొచ్చు. కానీ బాలమురళీకృష్ణ గారు పాడిన త్యాగరాజ కీర్తన అడిగిన మనిషికి ఇంకెవరో పాడింది పెట్టి, కీర్తన అదే కదా అంటే ఎవరైనా ఊరుకుంటారా? అందులోనూ ఈ ఆల్బమ్ విషయంలో ఎవరు పాడారన్నదే అసలు సంగతి. ఆ సినిమా జేన్ ఆస్టిన్ రాసిన 'ఎమ్మా' నవల మీద కట్టింది. 1815 నాటి ఇంగ్లండ్ పల్లెటూరి కథని డైరెక్టర్ ఎమీ హెకర్లింగ్ తీసుకొచ్చి బెవర్లీ హిల్స్ హైస్కూల్లో పెట్టింది. డబ్బున్న పిల్లల బట్టల పిచ్చి, సెల్‌ఫోన్ల గొప్ప, గ్రూపులు, పక్కవాళ్ళ జీవితాలు తామే చక్కదిద్దాలనే ఉబలాటం, అన్నిటినీ వెక్కిరిస్తూనే ఆ పిల్లల్ని ప్రేమగా చూసింది. అంటే పాత కథని కొత్త కాలం పిల్లల నోట పలికించడం. పాటల దగ్గర కూడా అదే పని జరిగింది. కిమ్ వైల్డ్ పాటని మఫ్స్ గరుకు గొంతుతో, గిటార్ల రొదతో పాడారు. ఫ్లేమిన్ గ్రూవీస్ 1976లో చేసిన 'షేక్ సమ్ యాక్షన్'ని క్రాకర్ పాడింది, సైకెడెలిక్ ఫర్స్ 1984లో చేసిన 'ద ఘోస్ట్ ఇన్ యూ'ని కౌంటింగ్ క్రోస్ పాడింది, డేవిడ్ బౌవీ రాసి మాట్ ద హూపుల్‌కి ఇచ్చిన 'ఆల్ ద యంగ్ డ్యూడ్స్'ని వరల్డ్ పార్టీ ఎత్తుకుంది. 14 పాటల్లో ఈ నాలుగూ 90లలో బ్యాండ్లు తమ ముందు తరం పాటల్ని మళ్ళీ పాడినవి. ఇది ఏదో తోచినట్టు జరిగింది కాదు, ఆ సినిమాకి మ్యూజిక్ సూపర్‌వైజర్‌గా, అంటే పాటలు ఎంచి కుదిర్చే మనిషిగా చేసిన క్యారిన్ రాక్ట్‌మన్ లాంటివాళ్ళ కష్టం అందులో ఉంది. పేరు కలిసింది కదా అని మీరు ఒరిజినల్స్ తెచ్చి పెడితే ఆ ఆల్బమ్ ఆల్బమ్‌గా మిగలదు.

రేడియోహెడ్ పాట సంగతి ఇంకా బాధ. సినిమాలో కాలేజీలో చదివే జాష్ ఆ పాట వింటుంటే హీరోయిన్ షెర్‌కి చిరాకొస్తుంది, కాలేజీ వాళ్ళు ఎప్పుడూ ఈ ఏడుపు పాటలే ఎందుకు వింటారో అని విసుక్కుంటుంది. ఒంటరి గొంతు, ఒక గిటార్ ఉంటేనే ఆ విసుగు సరిగ్గా అతుకుతుంది. స్టూడియో వెర్షన్‌లో ఆర్గన్, స్ట్రింగ్స్, చివర్లో ఎలక్ట్రిక్ గిటార్ల హోరు ఉంటాయి. అదీ గొప్ప రికార్డింగే, నాకు చాలా ఇష్టం, అది కావాలంటే 'ద బెండ్స్'లో వింటాను. ఇక్కడ నాకు కావాల్సింది ఇక్కడిదే.

ఇప్పుడు బూడిద రంగు పాటలు. కూలియో పాడిన 'రోలిన్ విత్ మై హోమీస్', కౌంటింగ్ క్రోస్ పాట, బీస్టీ బాయ్స్ 'మలెట్ హెడ్' మీ యాప్‌లో పలకవు. వీటిలో కూలియో పాట లేకపోవడం అన్నిటికన్నా పెద్ద లోటు. ఆ సినిమాలో కథని నడిపే పాట అది. షెర్ చేరదీసిన కొత్తమ్మాయి టై, ఆమెకి షెర్ జత చేయాలనుకున్న ఎల్టన్ పార్టీలో కలిసి ఆ పాట పాడుకుంటారు, ఎల్టన్ తనని కాదన్నాక అదే పాట వినపడగానే టై కుమిలిపోతుంది. టై పాత్ర వేసిన బ్రిటనీ మర్ఫీ 2009లో పోయింది, కూలియో 2022లో పోయాడు. టైని కొత్త బట్టల్లో, కొత్త జుట్టుతో తయారు చేసే సీన్‌లో వచ్చే 'సూపర్‌మోడల్' పాడిన జిల్ సోబ్యూల్ 2025 మేలో ఇల్లు తగలబడి చనిపోయింది. మఫ్స్ గాయని కిమ్ షాటక్ 2019లోనే వెళ్ళిపోయింది. ఇలాంటప్పుడు ఆ గొంతుల్ని ఉన్నవి ఉన్నట్టు దాచి వినిపించడం మీలాంటి కంపెనీల చేతుల్లోనే ఉంది. సీడీ షాపులు మా ఏరియాలో ఎప్పుడో మూతపడ్డాయి, ఈ ఆల్బమ్ సీడీ కొందామంటే విదేశాల నుంచి తెప్పించుకోవాలి. నాతో సినిమా చూసిన మా అక్క కూతురు మీ యాప్‌లో మొదటి పాట పెట్టుకుని, సినిమాలో వచ్చింది ఇది కాదు కదా పిన్నీ అంది. పదో క్లాసు పిల్లకి తెలిసిపోయింది, మీ సిస్టమ్‌కి తెలియడం లేదు.

హక్కుల ఇబ్బంది ఉంటుందని నాకు తెలుసు. మన సినిమాలకి మామూలుగా ఒక సంగీత దర్శకుడు, ఒక ఆడియో కంపెనీ ఉంటాయి కాబట్టి ఆల్బమ్ మొత్తం ఒకచోట దొరుకుతుంది. అక్కడి ఇలాంటి ఆల్బమ్‌లో ఒక్కో పాట ఒక్కో బ్యాండ్‌ది, ఒక్కో లేబుల్‌ది, ఒక దేశంలో ఉన్న అనుమతి ఇంకో దేశంలో ఉండకపోవచ్చు. సినిమాలో వినపడే బౌవీ 'ఫ్యాషన్', నో డౌట్ 'జస్ట్ ఎ గర్ల్' ఆ ఆల్బమ్‌లో లేనే లేవు, వాటి గురించి నేను మిమ్మల్ని అడగడం లేదు. అనుమతి లేకపోతే లేదని రాయండి, ఆ ఖాళీని ఖాళీగానే చూపించండి, నేను అర్థం చేసుకుంటాను. లేని పాట స్థానంలో ఇంకో పాట పెట్టి, పేరు మాత్రం పాతదే ఉంచడం మోసం. డబ్బు తీసుకుని ఇచ్చే సేవలో ఇలా చేస్తే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 దీన్ని సేవాలోపం అంటుంది. మీ నుంచి జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెడతాను, స్క్రీన్ రికార్డింగులు తీసి ఉంచాను.

నాకు కావాల్సినవి చెప్తున్నాను. పైన చెప్పిన మూడు పాటల దగ్గర సరైన రికార్డింగులు పెట్టండి, పెట్టలేకపోతే తప్పువి తీసేయండి. పాట పేరు కలిస్తే దగ్గరగా ఉన్నదాన్ని తెచ్చి అతికించే పద్ధతి మీ సిస్టమ్‌లో ఉంటే సౌండ్‌ట్రాక్ ఆల్బమ్‌లకి దాన్ని ఆపేయండి, ఎందుకంటే ఈ ఒక్క ఆల్బమ్‌కే ఇలా అయ్యుంటుందని నేను నమ్మను. బూడిద రంగు పాటల పక్కన ఇండియాలో అందుబాటులో లేదని తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో స్పష్టంగా రాయండి. నేను డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న సరైన వెర్షన్లు కూడా ఏదో అప్‌డేట్‌లో మారిపోయాయి, అది ఎలా జరిగిందో నాకు చెప్పండి.

జవాబు చాట్‌లో వద్దు, మెయిల్‌లో ఇవ్వండి. ఏ పాట ఎప్పటికి సరిచేస్తారో పాటల పేర్లతో రాయండి.

ఇట్లు,
మీ ఫ్యామిలీ ప్లాన్ చందాదారు,
హైదరాబాద్