చెరువు గట్టు, గడ్డి, మీ వాట్సాప్ చర్చ

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన శనివారం మొక్కల్ని పరిశీలించడానికి వెళ్లిన ఆరో తరగతి పిల్లలు చెరువు గట్టు నుంచి మోకాళ్ల దాకా మట్టితో ఇళ్లకు చేరారు. ఆ రాత్రి నుంచి మీ వాట్సాప్ గ్రూపులో ఒకటే మాట: "గడ్డి పీకించడానికా ఇన్ని ఫీజులు కట్టేది?" నన్నే నేరుగా అడిగి ఉంటే ఇంకా సంతోషించేవాణ్ణి.

అసలు మొక్కల్ని చదివే బాటనిస్ట్ అనే పేరు పుట్టిందే గడ్డిలోంచి. గ్రీకులో 'బొటానె' అంటే గడ్డి, పశువుల మేత. మేపడం అనే అర్థమున్న క్రియతో దానికి చుట్టరికం. మొదటి బాటనిస్టులు పశువుల కాపరులే అయ్యుంటారని నా అనుమానం. మనం వృక్షశాస్త్రవేత్త అంటాం. వేత్త అంటే తెలిసినవారు, బాగానే ఉంది. కానీ 'వృక్షం' అనేసరికి పిల్లలు మర్రిచెట్టు దగ్గరే ఆగిపోతారు, కాళ్ల కింది గరిక లెక్కలోకి రాదు. స్కాట్లండ్ నుంచి వచ్చిన ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్లేముందు మన సామర్లకోటలోనే తోట పెంచాడు. ఇక్కడి మొక్కల తెలుగు పేర్లు తెలుసుకుని మరీ రాసుకున్నాడు. ఆ పేర్లు చెప్పింది మన ఊళ్లవాళ్లే కదా! ఇవాళ వీధి చివర తుమ్మిమొక్కను చూపిస్తే మన పిల్లలు ఫోన్ తీసి ఫొటో కొడుతున్నారు.

అందరూ కాదులెండి. ఆరు-బి అమ్మాయి ఒకతె కాడను వేళ్ల మధ్య తిప్పి చూసి, "ఇది గడ్డి కాదు సార్, మూడు అంచులున్నాయి, తుంగ" అంది. మా సైన్స్ టీచర్ ముఖం చూడాల్సింది! ఇంకో అబ్బాయి వయ్యారిభామను దూరం నుంచే గుర్తుపట్టి, ముట్టుకుంటే దురద అని మిగతావాళ్లను ఆపాడు. వాళ్ల తాతగారు చెప్పారట. ఆయనకు నా నమస్కారాలు.

హెర్బేరియం షీట్లు, అంటే ఆరబెట్టిన మొక్కలు అంటించి పేర్లు రాసిన కాగితాలు, చాలా అందంగా వచ్చాయి. కొన్నిటి మీద చేతిరాత మరీ అందంగా ఉంది. అమ్మలు దయచేసి నిద్రపోండి, వంకర అక్షరాలకు మేం మార్కులు తగ్గించం. మొక్కలు ఆరబెట్టడానికి పాత పేపర్లు పంపితే చాలు.

పరీక్షల టైంటేబుల్ డైరీల్లో అంటించాం, బస్సు ఫీజు పదో తేదీలోపు కట్టేయండి.

వచ్చే శనివారం ఏడో తరగతి వంతు. పాత బట్టలు వేసి పంపండి. ఉత్తరేణి గింజలు సాక్సులకు అంటుకుని వస్తాయి, అవి ఏరే పని పిల్లలకే వదిలేయండి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయుడు