వేప నీడ దాకా వరండా

దేవరకద్ర,
మే 14.

చిరంజీవి బిడ్డకు ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన ప్లానును తమ్ముడితో పెద్ద కాగితం మీద తీయించాను. మూడు రోజులుగా అది నా తలగడ కిందే ఉంటోంది. వంటగదిలోంచి నేరుగా పెరట్లోకి తలుపు పెట్టావు చూడు, అది చూసి మీ అమ్మ మురిసిపోయింది. పాలమూరు మేస్త్రీగా ముప్పై ఏళ్లు ఊళ్లు పట్టుకుని తిరిగి ఎవరెవరివో ఇళ్లు కట్టాను. మన ఇంటికి నా బిడ్డే గీత గీసిందని చెప్పుకుంటుంటే నాకు కడుపు నిండిపోతోంది.

అయితే పడమటి గోడ సంగతి మాట్లాడాలి. గుట్ట కనిపించాలని అటు మొత్తం అద్దం పెట్టి, అడ్డమని వేప చెట్టును తీసేశావు. పుణెలో ఒకరికి ఇలాగే పడమర అద్దాల గోడ కట్టాం. మొదటి ఎండాకాలంలోనే వాళ్లు దానికి టార్పాలిన్ కట్టేశారు. అంత డబ్బు పోసింది బయటికి చూడటానికి, చివరికి వాళ్లకు కనిపించింది నీలం పట్టా. ఇక్కడి ఎండ నీకు తెలియనిది కాదు.

మొన్న ఆదివారం సున్నం ముద్ద పట్టుకుని, గంటకోసారి వేప నీడ అంచున గీత గీశాను. మధ్యాహ్నం రెండింటికి నువ్వు గోడ గీసిన చోటుకు వచ్చింది. నాలుగింటికి హాలు సగం దాకా పాకింది. పైసా ఖర్చు లేకుండా మీ నాయనమ్మ నాటిన చెట్టు చేసే పని అది. అందుకే అద్దం బదులు అక్కడ ఎనిమిది అడుగుల వరండా వేద్దాం. దాని వెనక నాలుగు రెక్కల చెక్క తలుపులు పెడితే సాయంత్రం అన్నీ తెరుచుకోవచ్చు. అప్పుడు గుట్టా కనిపిస్తుంది, గాలీ వస్తుంది. చెట్టు వేళ్లకు దెబ్బ తగలకుండా అటు పునాది తవ్వకుండా, వరండాను రెండు పిల్లర్ల మీదే నిలబెడదాం.

ఇంకొక మాట. ఉత్తరం కిటికీలకు సజ్జ వేయలేదు నువ్వు. ఉత్తరం నుంచి ఎండ రాదని పుస్తకాల్లో ఉండి ఉంటుంది. కానీ మన దగ్గర మే మొదటి వారం దాటాక సూర్యుడు నడినెత్తి నుంచి కాస్త ఉత్తరానికి జరుగుతాడు, మళ్లీ ఆగస్టు మొదట్లో గానీ దక్షిణానికి రాడు. ఇవాళ పన్నెండుంపావుకు వెళ్లి చూశాను. పాత ఇంటి పది అడుగుల గోడకు దక్షిణం వైపున నాలుగు అంగుళాల నీడ పడింది. ఉత్తరం వైపు గోడ ఎండలో ఉంది. రెండు అడుగుల సజ్జ అటు కూడా కావాలి.

నడుమ నువ్వు వదిలిన ఖాళీ నాకు బాగా నచ్చింది. నడుమ ఆకాశం కనిపించే మా చిన్నప్పటి భవంతి ఇల్లు గుర్తొచ్చింది. గూన పెంకుల మీది నుంచి వాన ధార కడుతుంటే, మేము అరుగు మీద కూర్చుని పల్లికాయలు ఒలిచేవాళ్లం. తడవకుండానే వానలో ఉన్నట్టుండేది. మన ఇంట్లో ఆ నేలను వరండా కంటే నాలుగు అంగుళాలు కిందికి దించు. అక్కడ పాలిష్ చేయని తాండూరు బండ పరిస్తే తడి మీద కాలు జారదు. నీళ్లు ఇంకుడు గుంతకు పోయేలా వాలు నేను చూసుకుంటాను. పైన మాత్రం ఇనుప జాలీ తప్పదమ్మా. కోతులు వంటగది దాకా వచ్చేస్తున్నాయి, పక్కింటి వాళ్లు పట్టపగలే తలుపులు వేసుకుని ఉంటున్నారు. దాని మీద మల్లె తీగ పాకిద్దాం.

ఇప్పుడు రంగులు. ఇల్లంతా బూడిద రంగు రాశావు. మెక్సికోలో లూయిస్ బర్రగాన్ అనే ఆయన 1948లో కట్టుకున్న ఇంటి గులాబీ గోడ ఫోటో నాకు పంపింది నువ్వే కదా, మరి మనకెందుకమ్మా ఈ బూడిద? మీ అమ్మ నారాయణపేట చీరను, పసుపు మీద కుంకుమ అంచున్న దాన్ని, గోడకు ఆరేసి మూడు పూటలా చూశాను. మధ్యాహ్నం ఎండలో పసుపు వెలవెలబోయింది. నీడలోకి జరిపితే పువ్వులా విచ్చుకుంది. ఆ అంచు పక్కన వేపాకు ఎంత పచ్చగా కనిపించిందో నువ్వు చూడాల్సింది. అందుకని ఎండ కొట్టే బయటి గోడలకూ డాబాకూ తెల్ల సున్నమే వేద్దాం, వేడి తక్కువ పడుతుంది. రంగులన్నీ నీడపట్టున ఉంచుదాం. వరండా లోపలి గోడకు ఈ పసుపు, తలుపులకు కుంకుమ ఎరుపు. గోడల అడుగున జానెడు ఎత్తు ఎర్రమట్టి జాజు పూస్తే వాన చిమ్మిన మట్టి మరక కనిపించదు. పాత దర్వాజకు చెద పట్టలేదు, దాన్నే ముందు నిలబెడదాం. మూడు వందల గజాల్లో ఇవన్నీ హాయిగా పడతాయి.

చీర అంచు చిరిగిన చోట చిన్న ముక్క కత్తిరించి ఈ కవరులో పెట్టాను, రంగు దానితోనే సరిచూడు, ఫోనులో నమ్మకు. పునాదికి ముగ్గు పోసే రోజు నువ్వు దగ్గరుండాలి. అప్పటిదాకా నేల మీది సున్నం గీతలు చెరిపేయవద్దని అమ్మకు చెప్పాను, వాటిని దాటుకుంటూ వాకిలి ఊడుస్తోంది.

మీ నాన్న