గిన్నీలను నాటుకోళ్లతో కలిపేముందు

చి.సౌ. అమ్ములుకి నాన్న ఆశీస్సులు.

మామిడితోటలో నాటుకోళ్లతో పాటు గిన్నీకోళ్లు కూడా వదలాలనుకుంటున్నానని రాశావు. తప్పకుండా వదులు, తల్లీ. కాకపోతే వాటిని ఒంటి మీద చుక్కలున్న కోళ్లనుకుని పెంచకు. కోడి వేల ఏళ్లుగా మన గడపనే నమ్ముకుని ఉంది. గిన్నీ ఆఫ్రికా గడ్డిమైదానాల పక్షి. గూట్లో పెరిగినా దాని బుద్ధి సగం అడవిలోనే ఉంటుంది. నీకు వచ్చే చిక్కులన్నీ అక్కడినుంచే వస్తాయి.

పెద్ద పక్షులు కొనకు. కొత్తచోట వదిలిన రోజే దారి పట్టి పోతాయి. గుడ్లు తెచ్చి నాటుపెట్ట కింద వెయ్యడమే మేలు. గిన్నీపెట్ట తల్లితనం అంతంతమాత్రం. తెల్లారగానే మంచు ఆరని గడ్డిలో పిల్లల్ని పరుగెత్తిస్తుంది, తడిసిన పిల్ల చలికి చచ్చిపోతుంది. నాటుపెట్ట రెక్కల కింద పెట్టుకుని వెచ్చబెడుతుంది, సాయంత్రం గూటికి రావడం కూడా నేర్పుతుంది.

కోడిగుడ్డుకి 21 రోజులు చాలు. గిన్నీ గుడ్డుకి 26 నుంచి 28 రోజులు పడుతుంది. రెండూ ఒకేరోజు వేశావంటే, కోడిపిల్లలు లేవగానే పెట్ట మిగతా గుడ్లు వదిలేసి వాటి వెంట పోతుంది. ఒట్టి గిన్నీ గుడ్లే 15 దాకా వెయ్యి, లేదంటే వాటిని ముందు పెట్టి వారం ఆగి కోడిగుడ్లు చేర్చు. పెట్ట మామూలుకన్నా వారం ఎక్కువ కూర్చోవాలి కాబట్టి మేత, నీళ్లు దగ్గరే ఉంచు. పెంకు బాగా మందం, దీపానికి పట్టి చూసినా లోపల సరిగా తెలియదు. తొందరపడి మురిగిందని పారెయ్యకు.

పిల్లలకి మొదటి నెల దాణాలో 24 శాతం దాకా మాంసకృత్తులు ఉండాలి, కోడిపిల్లలకన్నా ఎక్కువ. బ్రాయిలర్ ప్రీస్టార్టర్ (మాంసపు కోళ్ల పసిపిల్లలకి పెట్టే దాణా)తో పాటు ఉడికించిన గుడ్డు చిదిపి పెట్టు. సంచి చీటీ మీద మోనెన్సిన్ అని ఉంటే మాత్రం ముట్టుకోకు. రక్తవిరేచనాలు రాకుండా కోళ్ల దాణాలో కలిపే ఆ మందు గిన్నీల ప్రాణం తీస్తుంది. రెండు జాతులకీ ఒకే దాణా పెట్టేవాళ్లకి ముందు తెలియాల్సింది ఇదే. నీళ్లపళ్లెంలో గులకరాళ్లు వెయ్యి, లేకపోతే పడి మునుగుతాయి. కింద కాగితం పరిస్తే కాళ్లు జారి రెండు పక్కలకీ విడిపోయి అవిటివవుతాయి, గోనెపట్టా పరువు.

ఆరు నుంచి ఎనిమిది వారాలు జాలీ లోపలే ఉంచి, తర్వాత రెండేసి చొప్పున వదులు. లోపల మిగిలినవాటి అరుపు విని బయటివి తిరిగొస్తాయి. సజ్జలు, కొర్రలు సాయంత్రం గూట్లోనే చల్లు, పగలు వద్దు. చీకటి గూట్లోకి గిన్నీ అడుగు పెట్టదు, చిన్న బల్బు వెలిగించు. దూలం ఎత్తుగా కట్టు, లేదంటే మామిడికొమ్మ ఎక్కి పడుకుంటాయి. అక్కడ రాత్రి గుడ్లగూబ ఎత్తుకుపోతుంది.

అసలు తగువు మగవాటితో. పుంజు ఎదురుగా నిలబడి ఎగిరి తన్నేది. గిన్నీ పోతు వెనకనుంచి తరిమి తోకఈకలు పీకుతుంది, ఆ పద్ధతి పుంజుకి అర్థమే కాదు. గుడ్లు పెట్టే కాలంలో ఇది ముదురుతుంది. మేతతొట్లు మూడు నాలుగు చోట్ల విడివిడిగా పెట్టు, ఇరుకు గూట్లో రెండు జాతుల్ని పగలంతా మూసి ఉంచకు. నాలుగైదు పెట్టలకి ఒక పోతు చాలు. ఆడమగ తేడా చూపుకన్నా చెవికి ముందు తెలుస్తుంది. రెండు ముక్కలుగా కూసేది పెట్ట, పోతు ఒక్క ముక్కే అరుస్తుంది.

గుడ్లు మార్చి నుంచి సెప్టెంబర్ దాకా, ఒక్కో పెట్టకి ఏడాదికి సుమారు 100. అన్నీ కలిసి ఒకే పొదలో దాస్తాయి. కొన్ని వదిలి మిగతావి గరిటెతో తీసుకో. చెయ్యి పెట్టి ఖాళీ చేస్తే చోటు మార్చేస్తాయి.

రోగాలు తక్కువే అయినా కొక్కెర తెగులు టీకా విషయం పశువైద్యుణ్ణి అడిగి కోళ్లతో పాటే వేయించు. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్ కేంద్ర పక్షి పరిశోధన సంస్థ వాళ్ల రకాల్లో శ్వేతాంబరి తెల్లది, తోటలో వేటాడేవాటికి దూరానికే కనబడిపోతుంది. ముదురు ఒంటి మీద తెల్లచుక్కలున్న కాదంబరి నీకు నయం. పట్టుకోవాల్సివస్తే కాళ్లు పట్టి లాగకు, ఇట్టే విరుగుతాయి. రాత్రిపూట రెండు రెక్కలూ ఒంటికి అదిమి పట్టుకో.

మార్చిలో వేస్తే తొలకరి నాటికి పిల్లలు ఆరు వారాలు దాటి వానకి తట్టుకుంటాయి. పెట్ట పొదుగుకి కూర్చోగానే కబురు చెయ్యి. వారం దాటని గుడ్లు, సన్నకొస కిందికి ఉండేలా ఊకలో పేర్చి బస్సులో పంపుతాను. వచ్చాక ఒక పూట కదపకుండా చల్లటిచోట ఉంచి, రాత్రి పెట్ట కింద చేర్చు.

నాన్న