అమ్మకి విజిటర్ ఇన్సూరెన్స్ వద్దురా

ఒరేయ్ శీనూ,

అమ్మకి అమెరికా గ్రీన్ కార్డు స్టాంపింగ్ అయిపోయిందన్నావు, చాలా సంతోషం. కానీ చుట్టపుచూపుగా వచ్చేవాళ్లకి అమ్మే విజిటర్ ఇన్సూరెన్స్‌తో నెట్టుకొద్దామన్నావు చూడు, అది మాత్రం వద్దు. పాత జబ్బులనేసరికి ఆ పాలసీలు చాలావరకు చేతులెత్తేస్తాయి, అమ్మకేమో షుగరూ బీపీ రెండూ ఉన్నాయి.

2010లో ఒబామా సంతకం పెట్టిన చట్టం పుణ్యమా అని, ఇక్కడ చట్టబద్ధంగా ఉండేవాళ్లు మార్కెట్‌ప్లేస్‌లో, అంటే ప్రభుత్వం నడిపే ఇన్సూరెన్స్ బజారులో, ప్లాన్ కొనుక్కోవచ్చు, ఉన్న జబ్బులు చూపించి కాదనడానికీ లేదు, ఎక్కువ గుంజడానికీ లేదు. వయసుని బట్టి పెంచుతారు గానీ అదీ కుర్రాళ్లకి వేసేదానికి 3 రెట్లు దాటకూడదు. కొత్తగా వచ్చినవాళ్లకి 60 రోజుల గడువుంటుంది, అందరికీ తలుపులు తెరిచే నవంబరు దాకా ఆగక్కర్లేదు. దిగిన వారంలోనే హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో అప్లై చేసెయ్, మామూలుగా కవరేజీ తర్వాతి నెల ఒకటో తారీఖు నుంచి గానీ మొదలవదు. ఆ మధ్యలో రోజులకి కావాలంటే నీ విజిటర్ పాలసీ తీసుకో.

అమ్మకి 65 దాటింది కదా, పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్ వస్తుందిలే అనుకుంటున్నావేమో. గ్రీన్ కార్డుతో వరుసగా ఐదేళ్లు ఇక్కడుండాలి, ఆ తర్వాతైనా అందులో ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఎ ఊరికే రావాలంటే తనో, నాన్నగారో ఇక్కడ 40 క్వార్టర్లు, అంటే పదేళ్లు, పనిచేసి ఉండాలి, లేదంటే కొనుక్కోవడమే. పేదలకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికెయిడ్‌కీ ఐదేళ్ల అడ్డు ఉంది, అది 1996లో క్లింటన్ హయాంలో పెట్టింది. ఆ ఐదేళ్లలో ఆదాయం పేదరికపు గీతకి దిగువనున్నా కొత్త గ్రీన్ కార్డు వాళ్లకి మార్కెట్‌ప్లేస్‌లో ప్రీమియం మీద సబ్సిడీ ఇచ్చేవాళ్లు, 2025 జూలైలో చేసిన చట్టం దాన్ని 2026 నుంచి ఎత్తేసింది. అంటే కాస్త సంపాదన ఉన్నవాడికి సాయం, ఏమీ లేనివాడికి మొండిచెయ్యి, ఇదేం లెక్కో! అమ్మని నీ టాక్సుల్లో డిపెండెంట్‌గా చూపిస్తే ఎలాగూ నీ జీతమే లెక్కలోకొస్తుంది, కాబట్టి పూర్తి ప్రీమియం కట్టాలనే అనుకుని సిద్ధంగా ఉండు.

2027 నుంచి హెచ్1బీ వాళ్లకీ సబ్సిడీ లేదట, టాక్సులు మాత్రం యథావిధిగా కట్టాలి. ఇక కాగితాల్లేనివాళ్లనైతే సొంత డబ్బు పెట్టినా ఆ మార్కెట్‌ప్లేస్‌లో కొననివ్వరు.

ప్రీమియం తక్కువని బ్రాంజ్ ప్లాన్ మీద పడకు, డిడక్టబుల్, అంటే ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలెట్టేలోపు మన జేబులోంచి కట్టాల్సింది, చూస్తే కళ్లు తిరుగుతాయి. అమ్మ వాడే మందుల పేర్లు, ఎన్నేసి ఎంజీలో వాట్సాప్‌లో పెట్టు, ఏ ప్లాన్‌లో వస్తాయో ఆదివారం ఫోన్లో చూద్దాం. వచ్చేటప్పుడు మూడు నెలల మందులు, డాక్టర్ చీటీతో సహా, తెచ్చుకోమను.

నీ
రవి