నీ అర్జీలో ‘ఎందుకు’ కొట్టెయ్, ఎం-బుక్ అడుగు

హైదరాబాదు

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన సమాచార హక్కు అర్జీ చదివాను. కోపం బాగా పండింది గానీ దానికి సమాచారం మాత్రం రాదు. “మా వీధి సీసీ రోడ్డు ఏడాదికే ఎందుకు పగిలింది? బాధ్యులెవరు? చర్యలు ఎప్పుడు తీసుకుంటారు?” అన్నావు. ఈ మూడింట్లో ఏ ఒక్కదానికీ ఆఫీసులో కాగితం ఉండదురా. సమాచార హక్కు చట్టం కింద ఇచ్చేది రికార్డులో ఉన్నదే. లేనిది కొత్తగా తయారుచేసి ఇవ్వక్కర్లేదని, అభిప్రాయాలు చెప్పక్కర్లేదని 2011లో సీబీఎస్ఈ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ‘ఎందుకు’ కనబడితే చాలు, “ఇది సమాచారం నిర్వచనంలోకి రాదు” అని ఒక్క ముక్క రాసి పంపేస్తారు. నెల రోజులు గంగలో కలిసినట్టే.

అందుకని ఏ కాగితం కావాలో పేరు పెట్టి అడుగు. రోడ్డు పని ఫైల్లో ఎస్టిమేటు, మంజూరు ఉత్తర్వులు, కాంట్రాక్టరుతో అగ్రిమెంటు, వర్క్ ఆర్డరు, మెజర్‌మెంట్ బుక్, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, చెల్లించిన బిల్లులు ఉంటాయి. మెజర్‌మెంట్ బుక్ అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకం, దాన్నే అక్కడందరూ ఎం-బుక్ అంటారు. నీ అర్జీ ఇలా మార్చు:

“ఫలానా కాలనీ, ఫలానా వీధిలో ఫలానా ఇంటి నుంచి ఫలానా ఇంటి వరకు, ఫలానా సంవత్సరంలో వేసిన సీసీ రోడ్డు పనికి సంబంధించి ఎస్టిమేటు, అగ్రిమెంటు, ఎం-బుక్, క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు, బిల్లుల ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వగలరు.”

చాలు. కారణం రాయొద్దు, చెప్పాలని చట్టంలో ఎక్కడా లేదు. సెక్షన్ 6(2) చూడు, కారణం అడగకూడదనే ఉంది. “గత పదేళ్లలో వార్డులో వేసిన రోడ్లన్నీ” లాంటివీ వద్దు. అంత పెద్దది అడిగితే సిబ్బంది సమయమంతా దీనికే పోతుందని సెక్షన్ 7(9) చూపించి పక్కన పెడతారు. నిజానికి ఆ సెక్షన్ కింద సమాచారం ఇచ్చే రూపం మార్చొచ్చు గానీ అసలు ఇవ్వం అనడానికి లేదు. అలా రాస్తే “అయితే ఫైలు తనిఖీకి తేదీ ఇవ్వండి” అని తిరిగి రాయి.

అసలు తనిఖీయే నాకు ఎక్కువ ఇష్టం. మొదటి గంటకు ఫీజు లేదు. ఫైలు ముందేసుకుని కావలసిన పేజీలకు చీటీలు పెట్టుకుని, వాటికే నకళ్లు అడగొచ్చు. పేజీకి 2 రూపాయలు. ఎం-బుక్ తెరిచాక పొడవు, వెడల్పు, మందం గడులు చూడు. ఉదాహరణకి 120 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 0.15 మీటర్ల మందం అని రాసి ఉంటే 72 ఘనపు మీటర్ల కాంక్రీటుకి బిల్లు అయిందన్నమాట. నువ్వు టేపు పట్టి కొలిస్తే వెడల్పు 3.6 మీటర్లే వచ్చిందనుకో, పడింది 64.8. మిగతా 7.2 ఏమైందో అప్పుడు నువ్వు అరవక్కర్లేదు, లెక్కే అరుస్తుంది. మందం అనుమానమైతే సామగ్రి నమూనా కూడా అడగొచ్చు, సెక్షన్ 2(జె)లో ఉంది. అగ్రిమెంటులో డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ ఎంతో చూడ్డం మర్చిపోకు. ఆ గడువు దాటకపోతే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగు చేయాలి.

అర్జీ మీ కార్పొరేషన్ సర్కిల్ ఆఫీసులో ఇంజినీరింగ్ విభాగం పౌర సమాచార అధికారికి ఇవ్వు. కమిషనర్‌కి రాస్తే కిందకి దిగడానికే రోజులు పడతాయి. సర్కిళ్ల హద్దులు ఈమధ్య మారాయి కాబట్టి పాత పన్ను రసీదుని నమ్ముకోక, మీ కాలనీ ఇప్పుడు ఎందులో ఉందో కనుక్కో. డ్రైనేజీ సంగతి ఇందులో కలపకు, మురుగు లైను జలమండలిది. తప్పు ఆఫీసుకి వెళ్లినా 5 రోజుల్లో సరైన చోటికి పంపాల్సిన బాధ్యత వాళ్లదే, 6(3) కింద. కానీ మనం నేరుగా ఇస్తే పోయేదానికి ఆ తిప్పలెందుకు?

కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద రాశావు చూడు, అది తీసెయ్. హక్కు పౌరుడిది. సంఘం పేరుతో వస్తే తిప్పి పంపడానికి వాళ్లకి సాకు దొరుకుతుంది. నీ పేరు, చిరునామా రాసి సంతకం పెట్టు. ఫీజు 10 రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే సరిపోతుంది. నాంపల్లి కోర్టు దగ్గర దొరుకుతాయి. తెల్ల రేషన్ కార్డు ఉంటే నకలు జతచేయి, ఫీజు ఉండదు. ఇన్‌వర్డ్‌లో, అంటే అర్జీలు తీసుకునే చోట ఇచ్చి నీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకో. ముద్ర లేని కాపీ చిత్తుకాగితం కిందే లెక్క. పోస్టులో పంపితే రసీదు, డెలివరీ అయినట్టు తీసిన ప్రింటు రెండూ దాచు.

గడువు 30 రోజులు. నకళ్లకి ఇంత కట్టమని లెటర్ వస్తే వెంటనే కట్టెయ్, అది పంపిన రోజు నుంచి నువ్వు కట్టే దాకా గడియారం ఆగిపోతుంది. 30 రోజులు దాటి ఇస్తే మాత్రం నకళ్లు ఉచితం.

ఏమీ రాకపోతే తిరస్కరించినట్టే లెక్క. ఆ తర్వాత 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వేయి. ఫీజు లేదు. ఒక పేజీ చాలు: అర్జీ తేదీ, గడువు ముగిసిన తేదీ, రాని కాగితాల పేర్లు. “మూడో పక్షం సమాచారం”, అంటే కాంట్రాక్టరు సొంత సంగతి అని దాటేస్తే, ప్రజాధనంతో చేసిన పని కొలతలు వాణిజ్య రహస్యం ఎలా అవుతాయని రాయి. ఈ అప్పీలు తేల్చడానికి వాళ్లకి 30 రోజులు, మహా అయితే 45.

అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కి రెండో అప్పీలు. మొజంజాహీ మార్కెట్ దగ్గర సమాచార హక్కు భవన్. సెక్షన్ 18 ఫిర్యాదు కాదు, 19(3) అప్పీలే వేయాలి. ఫిర్యాదులో జరిమానా పడొచ్చు గానీ కాగితాలు ఇప్పించరు. సుప్రీంకోర్టు మణిపూర్ కేసులో చెప్పింది. జరిమానా రోజుకి 250, గరిష్ఠం 25,000. ఇక్కడ మాత్రం ఓపిక పట్టాలి. 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషనర్లే లేక కేసులు కుప్పలు పడ్డాయి. అందుకే మొదటి అప్పీలు దగ్గరే గట్టిగా పట్టుకోమంటున్నా.

మార్చిన అర్జీ ఇచ్చేముందు నాకోసారి పంపు. వదినకి నమస్కారాలు.

నీ
రమణ